బేస్‌బాల్‌లో పవర్ స్వింగ్ అంటే నడుము తిప్పడమా, బరువు ముందుకెయ్యడమా? కోచ్ ఒకటంటాడు, వీడియోలు ఇంకోటంటాయి

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. నీకు 17 ఏళ్ళు, రైట్ హ్యాండ్ బ్యాటర్‌వి. మీ టీమ్ కోచ్ ఏమో "బంతి మీద కిందకి కొట్టు, బరువు వెనకే ఉంచు, వెనక కాలితో పురుగుని నలిపినట్టు తిప్పు" అంటున్నాడు, ఆన్‌లైన్ వీడియోల వాళ్ళేమో అదంతా పాత చింతకాయ పచ్చడి, ఇప్పుడంతా రొటేషన్ (నడుము తిప్పడం), లాంచ్ ఆంగిల్ (బంతి బ్యాట్ నుంచి పైకి లేచే కోణం) అంటున్నారు. టీ (బంతి నిలబెట్టే స్టాండు) మీద పెట్టి కొడితే బంతి దూసుకెళ్తోంది, గేమ్‌లో మాత్రం సెకండ్ బేస్ వైపు, అంటే నీకు ఎదురు వైపు, మెత్తటి గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లే బంతులు) వస్తున్నాయి. ఎవరి మాట వినాలి, డోనట్ (బ్యాట్‌కి తొడిగే బరువు రింగు) తగిలించుకుని బరువు బ్యాట్ తిప్పితే లాభం ఉందా అని అడిగావ్.

సూటిగా చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెప్తా. బరువు ముందుకి వెళ్ళాలి, ముందు కాలు దాన్ని ఆపాలి, ఆగినచోట నడుము తిరగాలి, నడుము వెనకాలే ఛాతీ, దాని వెనకాల చేతులు, అన్నిటికన్నా చివర్న బ్యారెల్ (బ్యాట్ లావు భాగం) రావాలి. అంటే బరువు ముందుకెయ్యడం, తిప్పడం రెండూ ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి. వాదించుకునేవాళ్ళు ఒకే స్వింగ్‌లో చెరో ముక్క పట్టుకుని కొట్టుకుంటున్నారు అంతే. ఇంకో సంగతి, నువ్వు రాసిన లక్షణాలు చూస్తే నీ అసలు సమస్య పవర్ కాదని నాకు గట్టి అనుమానం, దానికి కిందకొస్తా.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. టెడ్ విలియమ్స్ (1941లో .406 బ్యాటింగ్ సగటుతో కొట్టినాయన, కెరీర్‌లో 521 హోమ్ రన్స్, అంటే కంచె దాటించినవి) బ్యాట్ కొంచెం పైకి వెళ్ళాలి, నడుము ముందు నడిపించాలి అని చెప్పేవాడు. 70ల్లో కాన్సాస్ సిటీ రాయల్స్ హిట్టింగ్ కోచ్ చార్లీ లావ్ వెనక కాలి మీంచి ముందు కాలి మీదకి బరువు మార్చడమే ప్రాణం అన్నాడు, ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో .390 కొట్టాడు. అప్పట్నుంచి కోచింగ్ జనం రెండు పార్టీలయిపోయారు. కానీ మాటలు పక్కన పెట్టి పాత ఫుటేజ్ స్లో మోషన్‌లో పెట్టి చూడు, విలియమ్స్ కూడా స్ట్రైడ్ (ముందు కాలితో అడుగు) వేసి ముందుకి కదిలాకే తిరుగుతాడు, బ్రెట్ కూడా ముందు కాలు గట్టిగా నిలబెట్టి దాని మీద గిర్రున తిరుగుతాడు. చెప్పే మాటలు వేరు గానీ శరీరాలు చేసే పని దాదాపు ఒకటే. నేను ఏ కొత్త సిద్ధాంతం విన్నా ముందు చేసే పని ఇదే, సౌండ్ ఆపేసి వీడియో చూస్తా.

ముందు అసలు పవర్ అంటే ఏంటో లెక్క తెలియాలి, ఇది తెలిస్తే సగం వాదనలు వాటంతటవే పోతాయి. బంతి బ్యాట్‌కి తగిలి ఎంత వేగంతో వెళ్తుంది అనేదానికి ఫిజిక్స్ వాళ్ళు వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది, బ్యాట్ వేగానికి 1.2 రెట్లు, దానికి పిచ్ (పిచర్, అంటే బౌలర్ లాంటివాడు, విసిరే బంతి) వేగంలో 0.2 వంతు కలుపు. బంతి సరిగ్గా స్వీట్ స్పాట్‌కి తగిలితేనే ఈ లెక్క. పిచర్ చేతిలోంచి గంటకి 95 మైళ్ళతో వదిలిన ఫాస్ట్‌బాల్ గాలికి నెమ్మదించి ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గరకి వచ్చేసరికి 87 దగ్గర ఉంటుంది. మేజర్ లీగ్ (అమెరికా టాప్ లీగ్) సగటు బ్యాట్ వేగం 72 మైళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. 72కి 1.2 రెట్లు అంటే 86, 87లో 0.2 వంతు అంటే 17, మొత్తం 103 చిల్లర. ఇప్పుడు పిచర్ 10 మైళ్ళు ఎక్కువ వేసినా నీకు కలిసొచ్చేది 2 మైళ్ళే, అదే నీ బ్యాట్ 3 మైళ్ళు పెరిగితే మూడున్నర మైళ్ళు కలిసొస్తుంది. మంచి కోణంలో గాల్లోకి లేచిన బంతికి ఒక్కో మైలు వేగం పెరిగితే దూరం 5 అడుగుల దాకా పెరుగుతుంది. కాబట్టి "ఫాస్ట్ పిచర్ వస్తే బంతే ఎగిరిపోతుంది, ఊరికే తాకిస్తే చాలు" అనే మాట నమ్మకు, పని చెయ్యాల్సింది నీ బ్యాటే.

అలాగని వేగం ఒక్కటే సర్వస్వం కూడా కాదు. 2024 నుంచి మేజర్ లీగ్ వాళ్ళు బ్యాట్ వేగం లెక్కలు బయటపెడుతున్నారు కదా, జియాన్‌కార్లో స్టాంటన్ సగటు 81 మైళ్ళ దగ్గర ఉంటే లూయిస్ అరేజ్ 62, 63 దగ్గర ఆడతాడు, లీగ్‌లో అందరికన్నా అడుగున. ఆ అరేజే 2022, 2023, 2024 మూడేళ్ళూ వరసగా మూడు వేరువేరు టీముల తరఫున బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సగటు) కొట్టాడు. అరేజ్ హోమ్ రన్స్ కొట్టడు, అది వేరే విషయం, నువ్వడిగింది పవర్ గురించి కాబట్టి స్టాంటన్ వైపు కథే చెప్తున్నా. కానీ తగలని 81 కన్నా తగిలిన 63 మేలు అన్నది మాత్రం మర్చిపోకు.

ఇప్పుడు ముందు కాలు సంగతి. నా దగ్గరకి వచ్చే పిల్లల్లో నేను మొదట చూసేది చేతుల్ని కాదు, ముందు మోకాలిని. స్ట్రైడ్ వేసి పాదం నేలకి ఆనేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, మడమ దిగుతుంది, అక్కణ్ణుంచి ఆ కాలు నేలని తన్నుతూ నిటారుగా అవుతుంది, అలా నిటారవుతూ ముందు తుంటిని వెనక్కి నెడుతుంది. ముందు తుంటి వెనక్కి వెళ్తేనే వెనక తుంటి ముందుకి వస్తుంది, అదే రొటేషన్. నడిచే బస్సు సడన్ బ్రేక్ వేస్తే లోపల నిలబడ్డవాడి పైభాగం ఎలా విసురుగా ముందుకెళ్తుందో, ఇక్కడా అంతే, కింద ఆగడం వల్ల పైన వేగం పుడుతుంది. మంచి హిట్టర్ ముందు పాదం ఆ క్షణంలో నేల మీద తన ఒంటి బరువు కన్నా ఎక్కువ బలంతోనే తొక్కుతుంది. ముందు మోకాలు మెత్తగా వంగుతూనే పోతే బ్రేక్ పడదు, శరీరం ముందుకి జారుకుంటూ వెళ్ళిపోతుంది, బ్యాట్‌కి అందాల్సింది అందదు. దీన్నే లంజ్ అవ్వడం అంటాం.

వెనక కాలి పురుగు సంగతి ఇక్కడే తేల్చేద్దాం. స్లో మోషన్‌లో పెద్ద హిట్టర్లని బంతి తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపి చూడు, చాలామందికి వెనక పాదం బొటనవేలి కొస మీద ఉంటుంది, కొందరికి నేల వదిలేసే ఉంటుంది, బ్రైస్ హార్పర్‌ది చాలాసార్లు గాల్లోనే ఉంటుంది. అంటే ఆ సమయానికి దాని మీద బరువు దాదాపు లేదు. గాల్లో ఉన్న కాలితో పురుగుని ఎవడు నలుపుతాడు? వెనక పాదం తిరగడం అనేది నడుము తిరిగినందువల్ల వచ్చే ఫలితం, అది నడుముని తిప్పదు. పురుగు నలపమంటే పిల్లాడు బరువంతా వెనక కాలి మీదే పెట్టుకుని అక్కడే బొంగరంలా తిరుగుతాడు.

అయితే మీ కోచ్‌ని పూర్తిగా కొట్టిపారెయ్యకు. "బరువు వెనకే ఉంచు" అని ఆయన అనేది చాలావరకు "తల వెనకే ఉంచు" అన్న ఉద్దేశంతోనే అయ్యుంటుంది. తుంటి ముందుకి కదలాలి గానీ తల ముందు కాలిని దాటి వెళ్ళకూడదు, బంతి తగిలే క్షణానికి తల, వెన్ను కొంచెం వెనక్కి వాలి ముందు కాలికి వెనకాలే ఉండాలి. ఇక్కడే క్రికెట్ నుంచి వచ్చిన పిల్లలు బాగా ఇబ్బంది పడతారు, వాళ్ళకి చిన్నప్పట్నుంచి తల బంతి మీదకి తీసుకెళ్ళి ముందు మోకాలు వంచి డ్రైవ్ చెయ్యడం అలవాటు, ఇక్కడ అదే పని చేస్తే బలమంతా నేలలోకి పోతుంది. నువ్వు క్రికెట్ ఆడి వచ్చావో లేదో రాయలేదు, ఆడుంటే ఇది తప్పకుండా చెక్ చేసుకో.

తర్వాత వరస. మంచి స్వింగ్‌ని సెన్సర్లు పెట్టి కొలిస్తే కటి భాగం సెకనుకి 700 డిగ్రీల దాకా తిరుగుతుంది, భుజాలు 900 దాటుతాయి, చేతులు ఇంకా ఎక్కువ, అన్నిటికన్నా వేగం బ్యారెల్‌ది. కానీ ముఖ్యమైంది ఈ అంకెలు కాదు, ఏది ఎప్పుడు గరిష్ఠానికి వెళ్తుందనేది. నడుము ముందు పీక్‌కి వెళ్ళి నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తూ తన వేగాన్ని ఛాతీకి ఇస్తుంది, ఛాతీ నెమ్మదించి చేతులకి, చేతులు నెమ్మదించి బ్యారెల్‌కి. అవును, చేతులు కూడా బంతి తగలకముందే నెమ్మదిస్తాయి, అందుకే బ్యారెల్ కొరడా కొసలా విసురుగా వస్తుంది. చాలామంది చేతుల్ని చివరిదాకా తోస్తూనే ఉంటారు, బలంగా కొడుతున్నామని వాళ్ళకి అనిపిస్తుంది గానీ బ్యారెల్ మాత్రం వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది.

దీనికి నా దగ్గర ఒక మంచి ఉదాహరణ ఉంది. జిమ్‌లో బాగా బరువులెత్తే ఒక కుర్రాడు, ఒళ్ళు చూస్తే భయమేస్తుంది, బ్యాట్ వేగం మాత్రం తనకన్నా 20 కిలోలు తక్కువున్నవాళ్ళ కన్నా తక్కువ. వీడియో తీసి చూస్తే నడుము, భుజాలు ఒకేసారి ఒకే దిమ్మలా తిరుగుతున్నాయి, మధ్యలో గ్యాప్ లేదు. పాదం దిగేటప్పటికి నడుము తెరుచుకోవడం మొదలవ్వాలి, భుజాలు ఇంకా మూసి ఉండాలి, చేతులు వెనక్కి వెళ్తూ ఉండాలి, అలా పొట్ట కండరాలు సాగితేనే వాటికి తిరిగి లాగే బలం వస్తుంది. వాడికి బరువులు పెంచమనలేదు, బ్యాటే ఇవ్వలేదు కొన్నాళ్ళు. మెడిసిన్ బాల్ పట్టుకుని గోడకి పక్కగా నిలబడి, ముందు కాలు వేసి ఆగి, అప్పుడు విసరడం, అదొక్కటే. ఆ తర్వాత నడుస్తూ వచ్చి స్వింగ్ చేసే డ్రిల్, రెండడుగులు వేసి మూడో అడుగులో కొట్టడం. నడిచి వస్తే శరీరం దానంతటదే బరువు ముందుకి వేసి ఆపుతుంది, బుర్ర పెట్టి ఆలోచించాల్సిన పన్లేదు. ఆ కుర్రాడి స్వింగ్ అందులోనే విడింది.

ఇక అందరూ తిట్టుకునే ముక్క, కిందకి కొట్టాలా పైకి కొట్టాలా. మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) 10 అంగుళాల ఎత్తు, పిచర్ చెయ్యి ఇంకా పైన, దానికి తోడు భూమ్యాకర్షణ, కాబట్టి ఫాస్ట్‌బాల్ ప్లేట్ దగ్గరకి వచ్చేటప్పుడు సుమారు 6 డిగ్రీలు కిందకి దిగుతూ వస్తుంది, కర్వ్ (వంపు తిరిగే బంతి) అయితే ఇంకా నిటారుగా దిగుతుంది. ఇప్పుడు కాగితం మీద గీసి చూడు. బ్యాట్ కూడా 6 డిగ్రీలు పైకి వెళ్తుంటే రెండూ ఒకే గీత మీద ఎదురెదురుగా వస్తున్నట్టు, నువ్వు కొంచెం ముందు తగిలించినా కొంచెం వెనక తగిలించినా బంతి మధ్యలోనే తగులుతుంది. బ్యాట్ 6 డిగ్రీలు కిందకి వెళ్తుంటే మాత్రం, కాంటాక్ట్ పాయింట్ 30 సెంటీమీటర్లు తప్పితే బ్యాట్‌కి బంతికి మధ్య ఎత్తులో 6 సెంటీమీటర్ల పైనే తేడా వచ్చేస్తుంది. బంతి అడ్డుకొలతే 7 సెంటీమీటర్ల చిల్లర. ఆ 30 సెంటీమీటర్లు అంటే ఎంత టైమ్ అనుకుంటున్నావ్? బంతి ప్లేట్ దగ్గర 10 మిల్లీసెకన్లలో దాదాపు 39 సెంటీమీటర్లు వెళ్తుంది, అంటే సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఇంత చిన్న తప్పు ప్రతి స్వింగ్‌లో ఎవరైనా చేస్తారు, కాబట్టి ఆ తప్పుని భరించే దారిలో బ్యాట్ వెళ్ళాలి. కొంచెం పైకి వెళ్ళే స్వింగ్ అడిగేది అందుకే, హోమ్ రన్ మోజు ఒక్కటే కాదు.

మరి పెద్ద పెద్ద హిట్టర్లు కూడా ఇంటర్వ్యూల్లో "నేను కిందకే కొడతాను" అంటారేంటి అంటావ్. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళకి అలాగే అనిపిస్తుంది. చేతులు భుజం ఎత్తులోంచి మొదలవుతాయి కాబట్టి స్వింగ్ మొదటి భాగం నిజంగానే కిందకి వస్తుంది, తర్వాత చదును అవుతుంది, ఆ తర్వాత పైకి లేస్తుంది. వాళ్ళకి గుర్తుండేది మొదటి భాగం. కోచ్ చెప్పే మాట మెకానిక్స్ కాదు, అది ఒక మందు. ఎవరికి ఏ జబ్బో చూసి ఇవ్వాలి. బంతి కిందకి దూరిపోయి వెనక భుజం వేలాడేసి పాప్ అప్స్ (ఊరికే పైకి లేచి పడే బంతులు) కొట్టే పిల్లాడికి నేను కూడా "కిందకి కొట్టు, బంతి పైసగం మీద కొట్టు" అనే చెప్తా, వాడు ఎంత ప్రయత్నించినా కిందకి కొట్టలేడు, చదునుగా వస్తాడు, మనక్కావాల్సింది అదే. అదే మాట గొడ్డలితో నరికినట్టు కొట్టేవాడికి చెప్తే వాడి పని అయిపోయినట్టే. వాడికైతే టీ ఎత్తు పెంచి, కేజ్ వెనక నెట్ పైభాగానికి తగిలేలా కొట్టమంటా. టీమ్ మొత్తాన్ని వరసలో నిలబెట్టి అందరికీ ఒకటే మాట చెప్పే కోచ్‌తో వచ్చే చిక్కు ఇదే, పదిమందిలో కొందరికి పట్టిన మందు మిగతావాళ్ళకి విషం అవుతుంది.

లాంచ్ ఆంగిల్ వీడియోల వాళ్ళని కూడా ఒక మాట అనాలి. స్వింగ్ మార్చుకుని జీవితం మారినవాళ్ళు నిజంగానే ఉన్నారు. జె.డి. మార్టినెజ్‌ని 2014 మార్చిలో హ్యూస్టన్ వదిలేసింది, స్వింగ్ మొత్తం తిరగరాసుకుని వచ్చినవాడు అదే ఏడాది డెట్రాయిట్‌కి 23 హోమ్ రన్స్ కొట్టాడు, 2017లో 45. ఇలాంటివి చూసి అందరూ పైకి కొట్టడం మొదలెట్టారు, 2019లో లీగ్ మొత్తం కలిపి 6,776 హోమ్ రన్స్, అది రికార్డు (ఆ ఏడాది బంతి కూడా గాల్లో బాగా జారింది, అదొక కారణం). అయితే పిచర్లు ఊరుకుంటారా, స్ట్రైక్ జోన్ (బ్యాటర్ కొట్టాల్సిన బంతి పరిధి) పైభాగంలో పెద్దగా దిగని ఫాస్ట్‌బాల్ వెయ్యడం పెంచారు. మరీ నిటారుగా పైకి వెళ్ళే బ్యాట్ దాని కిందగా ఊగి వెళ్ళిపోతుంది. బంతి తగిలేటప్పుడు బ్యాట్ 5 నుంచి 20 డిగ్రీల మధ్య పైకి వెళ్తుంటే మంచిది అంటారు, నీ వయసులో ఆ రేంజ్‌లో కింది సగంలో ఉంటే చాలు. 15 డిగ్రీలు కావాలని పనిగట్టుకుని భుజం పడేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ కోణం వెన్ను పక్కకి వాలడం వల్ల రావాలి, చేతులతో తవ్వడం వల్ల కాదు.

చేతుల గురించి ఎక్కువ చెప్పను. కింది అరచెయ్యి నేల వైపు, పై అరచెయ్యి ఆకాశం వైపు, బంతి తగిలేటప్పుడు అలా ఉంటే చాలు, మణికట్టు తిరగడం తగిలిన తర్వాత సంగతి. వెనక మోచెయ్యి పైకెత్తాలా దించాలా అనేది నీ ఇష్టం, స్వింగ్ మొదలయ్యాక అందరిదీ దిగి పక్కటెముకల దగ్గరకి రావాల్సిందే. గట్టిగా పిడికిలి బిగిస్తే పవర్ పెరుగుతుందన్నది మాత్రం శుద్ధ అబద్ధం, బంతి బ్యాట్‌కి అంటుకుని ఉండేది ఒక మిల్లీసెకను లోపే, ఆ తాకిడి కంపనం నీ చేతులదాకా వచ్చేసరికే బంతి వెళ్ళిపోయి ఉంటుంది. 2012లో సిన్సినాటి ఆటగాడు టాడ్ ఫ్రేజియర్ కొట్టిన హోమ్ రన్ క్లిప్ వెతికి చూడు, బంతి తగిలేటప్పుడు బ్యాట్ దాదాపు చేతులు జారిపోయి ఉంది, అయినా కంచె దాటింది.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. టీ మీద బాగా కొట్టేవాడికి, గేమ్‌లో ఎదురు వైపు మెత్తటి గ్రౌండ్ బాల్స్ వస్తున్నాయంటే మొదటి అనుమానితుడు టైమింగ్, స్వింగ్ ఆకారం తర్వాత. ఎందుకంటే, పైన చెప్పాను చూడు, బ్యాట్ ముందు కిందకి, తర్వాత చదునుగా, తర్వాత పైకి వెళ్తుందని. నువ్వు ఆలస్యమైతే బంతి బాగా లోపలికి వచ్చాక తగులుతుంది, అప్పటికి నీ బ్యాట్ ఇంకా కిందకి దిగే భాగంలోనే ఉంటుంది, పైగా బ్యారెల్ ఇంకా పూర్తి వేగం అందుకోలేదు. కోణం లేదు, వేగం లేదు, దిశ సెకండ్ బేస్ వైపు, నువ్వు రాసినవి మూడూ సరిపోయాయి. అదే స్వింగ్ 30 సెంటీమీటర్లు ముందు తగిలితే షార్ట్‌స్టాప్ (నీకు ఎడమవైపు ఫీల్డర్) తల మీదుగా లైన్ డ్రైవ్ (నేరుగా దూసుకెళ్ళే బంతి). నువ్వేమో ఇది మెకానిక్స్ లోపం అనుకుని టీ మీద ఇంకా ఇంకా కొడుతున్నావ్, టీ మీద బంతి కదలదు కాబట్టి అక్కడ నువ్వెప్పుడూ ఆలస్యం కావు, సమస్య అక్కడ కనపడదు.

95 మైళ్ళ బంతి చేతిలోంచి ప్లేట్‌కి రావడానికి 0.4 సెకన్లు, స్వింగ్‌కి 0.15 పోతే మిగిలేది పావు సెకను. నీకొచ్చే పిచ్‌లు అంత వేగం ఉండవు గానీ మౌండ్ దూరం అదే 60 అడుగుల 6 అంగుళాలు, సూత్రం అదే. ఆ పావు సెకనులో చూసి, ఏ పిచ్చో పోల్చి, నిర్ణయం తీసుకోవాలి, స్ట్రైడ్ కూడా అప్పుడే మొదలుపెడతానంటే కుదరదు. నెమ్మదిగా, ముందుగా మొదలెట్టు. పిచర్ చెయ్యి గ్లవ్‌లోంచి విడిపోయేటప్పుడు నీ కదలిక మొదలవ్వాలి, బంతి చేతిలోంచి వచ్చిన కాసేపటికే నీ ముందు పాదం నేల మీద ఉండాలి. లెగ్ కిక్కా (ముందు కాలు పైకెత్తడం), టో ట్యాపా (కాలి కొసతో నేలని తట్టడం) అని అడుగుతారు అందరూ, జపాన్‌లో సదహారు ఓ ఒంటికాలి మీద నిలబడి 868 హోమ్ రన్స్ కొట్టాడు, షోహెయ్ ఒహ్తానీ 2018లో అమెరికా వచ్చిన కొత్తలో స్ప్రింగ్ ట్రైనింగ్‌లో (సీజన్‌కి ముందు ఆటల్లో) ఇబ్బంది పడి లెగ్ కిక్ మానేసి చిన్న టో ట్యాప్‌కి మారి ఆ ఏడాది 22 కొట్టాడు. రెండూ పనిచేస్తాయి. నువ్వు ఆలస్యమవుతున్నావ్ కాబట్టి చిన్నదానితో మొదలెట్టు.

నా దగ్గర ఇలాంటి కేసులకి చేసేది ఇది. టీ వాడకం సగానికి తగ్గిస్తా, ముందు నుంచి తక్కువ దూరంలో నిలబడి చేత్తో వేస్తా, వేగం మారుస్తూ, చెప్పకుండా. ఒకటే రూల్, ప్రతి బంతీ పుల్ వైపే (నీకైతే ఎడమవైపు) కొట్టాలి, ఫౌల్ అయినా (గీత బయటికి పోయినా) పర్లేదు. ఫౌల్ కొడితే నేను మెచ్చుకుంటా, ఎదురు వైపు మెత్తగా తగిలిస్తే మళ్ళీ అంటా. ముందు బాగా ముందుగా తగలడం అంటే ఏంటో శరీరానికి తెలియాలి, అక్కణ్ణుంచి మధ్యకి తీసుకురావడం తేలిక. ఆలస్యం నుంచి మధ్యకి రావడం చాలా కష్టం. ఎందుకో తెలుసా, ఆలస్యమయ్యేవాడికి బంతిని ఎక్కువసేపు చూస్తున్నానన్న ధీమా ఉంటుంది, అది వదులుకోవడానికి భయపడతాడు. బంతులు విసిరే మెషీన్ మీద మాత్రం ఈ పని చెయ్యకు, మెషీన్‌కి చెయ్యి లేదు, పిచర్ కదలికతో నీ కదలిక కలపడం అక్కడ రాదు.

డోనట్ సంగతి. ఆన్ డెక్‌లో (నీ వంతు కోసం ఆగినప్పుడు) డోనట్ తగిలించి తిప్పితే తీసేశాక బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది, వేగం పెరిగిందనిపిస్తుంది. కొలిచి చూస్తే ఆ తర్వాత స్వింగ్‌లు నెమ్మదిగానే వస్తాయి, దీన్ని పరీక్షించి చూపించారు కూడా. నీలా ఆలస్యమయ్యేవాడికి అది ఇంకా చేటు. మామూలు బ్యాట్‌తోనే తిప్పు. బరువు బ్యాట్, తేలిక బ్యాట్ మార్చి మార్చి తిప్పే ట్రైనింగ్ మాత్రం వేరు, అది పనికొస్తుంది, కానీ ఆటకి ముందు కాదు, విడిగా, పూర్తి బలంతో, తక్కువ స్వింగ్‌లు, మధ్యలో విశ్రాంతి ఇచ్చి, వేగం కొలుస్తూ. నడుము కింద గానీ పక్కటెముకల దగ్గర గానీ పట్టేసినట్టు అనిపిస్తే ఆ రోజుకి ఆపెయ్, ఆ కండరం చినిగితే వారాలు పోతాయి.

బ్యాట్ కూడా ఒకసారి చూసుకో. అమెరికా హైస్కూల్, కాలేజ్ మెటల్ బ్యాట్‌లకి అంగుళాల్లో పొడవుకి, ఔన్సుల్లో బరువుకి తేడా 3 మించకూడదనే రూల్ ఉంది కాబట్టి 34 అంగుళాల బ్యాట్ అంటే కనీసం 31 ఔన్సులు. నీ ఒళ్ళు దానికి సిద్ధంగా లేకపోతే 32 అంగుళాలకి దిగు, లేదా నాబ్ (హ్యాండిల్ కింది గుండు) నుంచి ఒక అంగుళం పైకి పట్టుకో. పొట్టి బ్యాట్ అంటే నామోషీగా ఫీలవుతారు పిల్లలు, టైమ్‌కి వచ్చే పొట్టి బ్యాట్ కొట్టినంత దూరం ఆలస్యంగా వచ్చే పొడుగు బ్యాట్ కొట్టదు.

కోచ్‌తో వాదన పెట్టుకోకు. ఆయన చెప్పినట్టే తల వెనక ఉంచు, బరువు మాత్రం ముందుకి పోనీ, కాంటాక్ట్ ముందుకి వస్తే గ్రౌండ్ బాల్స్ వాటంతటవే తగ్గుతాయి, అవి తగ్గాక ఆయన కూడా ఏమీ అనడు. వీడియో పెట్టు, ఫోన్‌లో స్లో మోషన్ 240 ఫ్రేములు ఉంటే అందులో, నీ ఛాతీకి ఎదురుగా ఒకటి, పిచర్ వెనక నుంచి ఒకటి. టీ మీదది వద్దు, గేమ్‌లోదే కావాలి, పిచర్ చెయ్యి కూడా ఫ్రేమ్‌లో కనపడాలి, లేకపోతే నీ పాదం ఎప్పుడు దిగిందో చెప్పలేను.